కోడికూర ఉడికేలోగా తగిలిన రాయి

నేను చేసిన ఉద్యోగం బోరు. ఈ ముక్క నాకంటే ముందే మా ఇంటావిడ అనేసింది కాబట్టి అందులో చమత్కారం నాది కాదు. భూమికి చిల్లులు పెట్టినందుకు ప్రభుత్వం నాకు నెలనెలా జీతమిచ్చింది. చిల్లు పెట్టడం గొప్పేమీ కాదు, ఎలుక కూడా పెడుతుంది. పెట్టిన చిల్లు పూడిపోకుండా నిలబెట్టడంలోనే ఉంది విద్యంతా. అందుకోసం దింపే ఇనప తొడుగునే మేం కేసింగ్ అంటాం.

ఈ మధ్య డ్రిల్లింగ్ పనిలోకి కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్" అన్నారు. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు అన్నవి రాయను. అవి నాకే గుర్తు లేవు, ఉన్నా మీకు నిద్రొస్తుంది. డెబ్బైల చివర, ఎనభైల మొదట నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల నేను నేర్చుకున్నదీ, నేర్చుకునే ముందు చెడగొట్టిందీ రాస్తాను. రెండోదే ఎక్కువుంటుంది.

మట్టికి చొక్కా

ముందు పని గురించి నాలుగు మాటలు. మా వైపు నేల చూడ్డానికి చదునుగా, అమాయకంగా ఉంటుంది. లోపల మాత్రం గడుసుది. పైన నల్లరేగడి, దాని కింద సుద్దమట్టి, ఇంకా కిందికి పోతే నాపరాయి. తాగే నీళ్లు చాలాచోట్ల ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. వాటి దగ్గరికి పోవాలంటే పైనున్న మెత్తటి మట్టినంతా దాటాలి.

మట్టిలో తొలిచిన కన్నం నిలవదు. నాలుగు పక్కల నుంచీ జారి పూడుతుంది. అందుకని ముందు బోరుబండికి పెద్ద బిట్టు, అంటే తొలిచే మొన, తగిలించి గట్టిరాయి దాకా మట్టిని తొలుస్తాం. ఇనప గొట్టాల్ని ఒకదానికొకటి వెల్డింగు చేసుకుంటూ ఆ కన్నంలోకి దింపుతాం. అన్నిటికంటే కింది గొట్టం కాలు రాతిలో కూర్చోవాలి. ఆ తర్వాత సన్నపాటి సుత్తిని గొట్టం లోపలి నుంచి దింపి, గాలి దెబ్బలతో రాతిని పగలగొట్టుకుంటూ పోతాం. రాయి తనంతట తను నిలుస్తుంది, దానికి తొడుగు అక్కర్లేదు. నిలవలేనిది మట్టి. చొక్కా దానికే.

కాబట్టి ఈ విద్య మొత్తంలో ఉన్న ప్రశ్న ఒక్కటే. కింద తగిలింది నిజంగా రాయేనా? దీనికి తొందరపడి జవాబు చెప్పినవాడి బోరు తొందరగానే పూడుతుంది. ఇది నాకెలా తెలుసంటారా? అందుకే గదా ఇంత రాస్తున్నది.

ఇద్దరు అధికారులు

నాకు మొదట దొరికిన అధికారికి పైపులంటే ప్రాణం. భూమిలోకి దింపడానికి కాదు, నంద్యాల యార్డులో వరసగా పేర్చి చూసుకోవడానికి. ఆయన చూపంతా పైపుల మీదే, అదీ పైపైనే. "పక్క బండివాడు ఐదు గొట్టాలతో ముగించినాడు. నీకు ఏడు కావల్లనా? నీ బోరుకేమన్నా పెండ్లా?" అనేవాడు. తక్కువ గొట్టాలు దింపినవాడు మంచి డ్రిల్లరు. ఎక్కువ అడిగినవాడు దుబారా మనిషి. ఆయన దగ్గర నేను చాలా మంచి డ్రిల్లరునని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆయన దుర్మార్గుడేమీ కాదు. తన మెచ్చుకోలు మా చేత ఏం చేయిస్తుందో ఆలోచించని మనిషి, అంతే. అధికారి దేన్ని మెచ్చుకుంటే కిందివాళ్లు దాన్నే పండిస్తారు. మీలో ఎవరైనా రేపు అధికారులైతే ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి, మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

రెండో అధికారి మూర్తిగారు. గోదావరి మనిషి. అస్సాం వైపు చమురు బావుల మీద కొన్నేళ్లు పనిచేసి, మా నీళ్ల పనికి వచ్చారు. అంత పెద్ద పని వదిలి ఇంత చిన్న చిల్లుల దగ్గరికి ఎందుకొచ్చారని అడిగితే, "అక్కడ రెండు మైళ్లు తొలిచినా దాహానికి పనికొచ్చేది రాదండీ" అనేవారు. అందర్నీ అండీ అనే పిలుపు. కోపమొచ్చినప్పుడు మాత్రం నా పేరుకు గారు చేర్చేవారు. "ఓబులేసు గారూ" అని వినపడిందంటే ఆ రోజు నాకు మూడినట్టే.

కేసింగ్ కూడు

మా బండి ఏ ఊరికి పోయినా ఒక ఆచారం ఉండేది. గొట్టం రాతి మీద కూర్చున్న రోజు ఊరివాళ్లు బండివాళ్లకు భోజనం పెడతారు. అంతకుముందు పెట్టరు. డ్రిల్లరు చేయెత్తి "రాయి తగిలింది" అని చెప్పాలి, అప్పుడే విస్తళ్లు పరుస్తారు. దానికి కేసింగ్ కూడు అని పేరు.

ఈ ఆచారం వల్ల నాకొక శాస్త్రసత్యం తెలిసొచ్చింది. మా ప్రాంతంలో రాయి ఎప్పుడూ మధ్యాహ్నం పన్నెండున్నరకూ ఒకటిన్నరకూ మధ్యే తగులుతుంది. పాణ్యంలో అంతే, సంజామలలో అంతే, పాములపాడులోనూ అంతే. పప్పు వండిన ఊళ్లో రాయి కొంచెం లోతున, కోడిని కోసిన ఊళ్లో కొంచెం పైన ఉంటుంది. పుస్తకాల్లో ఇది రాయలేదు.

మా బండి మీద మాబన్న అనే పాతకాపు ఉండేవాడు. నంద్యాల వాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. హోదాలో నేను పైన, పనిలో ఆయన పైన. బిట్టును తిప్పే రాడ్డు మీద అరచెయ్యి ఆనించి కింద ఏముందో చెప్పేవాడు. నా గురించి ఆయన అభిప్రాయం సూటిగా ఉండేది. "ఓబులేసూ, రాయి మోత నీ చెవి ఇనదప్పా. నీ కడుపు ఇంటాది."

ఒకే ఒక్క చీటీ

ఆళ్లగడ్డకు ఐదారు మైళ్ల దూరంలో ఒక పేట. పేరు రాయను, అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతారు. అందరూ క్రైస్తవ కుటుంబాలు. కూలికి పోయేవాళ్లు, అరా ఎకరం సేద్యం చేసుకునేవాళ్లు. ఒకే గదిలో వారమంతా బడి, ఆదివారం గుడి.

కాలువలో నీళ్లున్నన్నాళ్లు ఆ పేటకు కాలువే దిక్కు. కాలువ ఎండితే ఊరి బావి. అక్కడ పేటవాళ్లు గట్టెక్కకూడదు. పైనుంచి ఎవరైనా తోడి పోసేదాకా కింద బిందె పట్టుకుని నిలబడాలి. బళ్లో సగం మంది ఆడపిల్లలు పొద్దున పూట ఆ గట్టు కిందే ఉండేవారు. వాళ్లను బళ్లో కూర్చోబెట్టాలని పంతులమ్మ సుగుణమ్మ మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, పేటకొక బోరుకు మంజూరు చీటీ సాధించింది. ఒక్క బోరు. అది విఫలమైతే పేట పేరు జాబితాలో అడుక్కుపోతుంది, మళ్లీ ఎప్పుడు పైకొస్తుందో ఎవరూ చెప్పలేరు.

మేం పోయిన రోజే ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"నీ పేరేందప్పా?"

"ఓబులేసు, టీచరమ్మా."

"ఓబులేసూ, మాకు ఒక్క చీటీనే ఇచ్చినారు. ఇది పోతే ఇంగ నేను రిటైరయ్యే లోపల రాదు. బాగా చూసి కొట్టు."

"మీరేం బయపడొద్దండి. మా బండి కొట్టిందంటే పాతాళం గూడా పలకల్ల."

"పాతాళంతో నాకేం పని ల్యా. నీళ్లు పలికితే చాలు."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. రేగడి దాటాం, సుద్ద దాటాం. పన్నెండు కావస్తోంది. పేటలో ఆడవాళ్లు బండికి పది గజాల దూరంలో పొయ్యి పెట్టారు. నాటుకోడి, అల్లం, ధనియాలు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. ఇందులో నా తప్పు కొంచెమే, గాలిదే ఎక్కువ.

కింద టంగుమంది. బిట్టు ఎగిరిపడింది. తెల్లటి దుమ్ము పోయి నాపరాతి నీలిరంగు దుమ్ము వచ్చింది. నేను చేయెత్తాను.

"ఇంగొక ఆరడుగులు పోయి చూస్తాం ఓబులేసూ" అన్నాడు మాబన్న.

"రాయి కాకపోతే ఏందన్నా? మోత ఇనపడ్ల్యా నీకు?"

"మోత ఇనపడింది. కూర వాసన గూడా వచ్చింది. రెండూ ఒగేసారి వచ్చినాయి, అందుకే నాకు అనుమానం."

నేను వినలేదు. ఐదు గొట్టాలతో కేసింగ్ ముగిసింది. ఐదే! పాత అధికారి బతికినంత కాలం మెచ్చుకునే లెక్క. విస్తళ్లు పడ్డాయి. నేను కూర మూడుసార్లు వేయించుకున్నాను, నాలుగోసారి వద్దంటూనే విస్తరి జరిపాను.

భోంచేసి వచ్చి సన్న సుత్తిని దింపాం. మూరెడు పోయిందో లేదో మోత ఆగింది. సుత్తి వెన్నలో దిగినట్టు దిగిపోతోంది. పైకి నీలిదుమ్ముకు బదులు పచ్చటి మట్టిముద్దలు వస్తున్నాయి. మా వైపు నేలలో ఉండే గడుసుతనం ఇదే. నాపరాయి పలకలు పలకలుగా ఉంటుంది. ఒక పలక ఉందంటే దాని కింద రాయి ఉన్నట్టు కాదు, మళ్లీ మట్టి ఉండొచ్చు. నేను గొట్టాన్ని కూర్చోబెట్టింది కొండ మీద కాదు, బండపరుపు మీద. దాని కిందంతా బంకమట్టే.

ఇదేదో చిన్న సందు, దాటిపోతుందిలే అని ఇంకా పోనిచ్చాను. ఇరవై అడుగులు పోయాక కన్నం గోడ కూలింది. గాలి పైకి రావడం మానేసింది. సుత్తి బిగుసుకుపోయింది. అంతలో అందరూ చూస్తుండగానే, మోకాలెత్తున నిలబడ్డ కేసింగ్ గొట్టం మాకు నమస్కారం పెడుతున్నట్టు మెల్లగా జానెడు కిందికి దిగింది.

"ఓబులేసూ, గొట్టం కిందికి పోతాంది" అంది సుగుణమ్మ. "అది పోవల్లనా?"

"అప్పుడప్పుడు పోతాది టీచరమ్మా."

"అట్ల పోతే మంచిదా, చెడ్డదా?"

జవాబు చెబుదామని నోరు తెరిస్తే తేన్పు వచ్చింది.

నేల తప్పా, మన తప్పా

బిగిసిన సుత్తిని మాబన్న ఓపిగ్గా అటు తిప్పి, ఇటు తిప్పి, బుజ్జగించి, తిట్టి, మర్నాటి పొద్దునకు పైకి తెచ్చాడు. సుత్తి వచ్చింది, కన్నం పోయింది. మధ్యాహ్నానికి మూర్తిగారి జీపు వచ్చింది.

ఆయన జీపు దిగారు. నేరుగా గోనెసంచి దగ్గరికి పోయారు. తొలిచేటప్పుడు పైకొచ్చిన మట్టిని ఇన్నేసి అడుగులకు ఒక గుప్పెడు చొప్పున సంచి మీద వరసగా పెట్టాలి. అది మా పని నియమం. నల్ల గుప్పెళ్లు, తెల్ల గుప్పెళ్లు, చివర ఒకే ఒక్క నీలి గుప్పెడు. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడి నుంచి నేను భోజనానికి పోయాను కదా, తిరిగొచ్చాక గుప్పెళ్లు పెట్టడమే మరిచాను.

"చెప్పండి ఓబులేసు గారూ" అన్నారు. గారు పడింది. "నేల తప్పా, మన తప్పా?"

ఈ ప్రశ్నకు అర్థం మాకందరికీ తెలుసు. నేల తప్పంటే, ఇక్కడ బోరు నిలవదని రాసేసి బండి సంజామల వైపు పోతుంది. ఎవరికీ మాట రాదు. పేట పేరు అడుక్కుపోతుంది. మన తప్పంటే, తప్పు సరయ్యేదాకా బండి కదలకూడదు. కాకపోతే తప్పు చేసిన మనిషి బండి మీద ఉంటాడో ఉండడో అధికారి ఇష్టం.

నేల తప్పు. రెండే మాటలు. నేల నోరు తెరిచి కాదనదు. మాబన్న నావైపు చూడకుండా రాడ్లకు గ్రీజు రాస్తున్నాడు. అప్పటికే రాసిన రాడ్డుకే మళ్లీ రాస్తున్నాడు. సుగుణమ్మ బడి గుమ్మంలో నిలబడి ఉంది, వేళ్లకు సుద్దముక్క పొడి. ఆమె ఏమీ అడగలేదు. అడిగుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. మాటకు మాట చెప్పడం నాకు బాగానే వచ్చు. మాట్లాడని మనిషికి ఏం చెప్పాలో తెలియలేదు.

"మన తప్పు సార్" అన్నాను. "మన తప్పు గూడా కాదు, నా తప్పు. మాబన్న ఆరడుగులు పోదామన్నాడు. నేనే ఆపినాను."

"ఎందుకాపారు?"

"కూర ఉడికింది సార్."

మూర్తిగారు సంచి మీది నీలి గుప్పెడును వేళ్లతో నలిపారు. "కోడా, మేకా?"

"నాటుకోడి సార్."

"అయితే మరీ అంత నేరం కాదులెండి" అన్నారు. నవ్వకుండా అన్నారు. తర్వాత బండి మీద చెయ్యి వేసి, "నేల తప్పు కాదు కాబట్టి ఇది ఇక్కణ్నించి కదలదు. మీరూ కదలరు. పనిలోకి దిగండి" అన్నారు.

నేను బతికిపోయానని అప్పుడు అర్థం కాలేదు. పోయి మాబన్న చేతిలో గ్రీజు డబ్బా అందుకున్నాను.

చమురు బావి పాఠం

మూర్తిగారు పేటలో ఇళ్ల నుంచి మూడు స్టీలు గ్లాసులు తెప్పించారు. పెద్దది, మధ్యది, చిన్నది. ఒకదాంట్లో ఒకటి పెట్టారు.

"చమురు బావికి ఒక తొడుగు చాలదండీ. ముందు పెద్దది, పై మట్టి కోసం. దానిలోంచి ఇంకా లోతుకు తొలిచి మధ్యది. దానిలోంచి ఇంకా లోతుకు చిన్నది. ఈ గ్లాసుకీ ఆ గ్లాసుకీ మధ్య సందుందా? అందులో సిమెంటు నింపుతారు. లేకపోతే ఒక పొరలో ఉప్పునీళ్లు, ఇంకో పొరలో గాలి, అన్నీ ఆ సందు పట్టుకుని పైకొచ్చేస్తాయి. గొట్టం దింపగానే పని అయిపోలేదు. గొట్టమూ నేలా ఒకటై నిలబడాలి."

"గొట్టం దింపేలోగా గోడ కూలితే ఎట్ల సార్? మాకు కూలింది గదా."

"అప్పటిదాకా కన్నం నిండా బురద నింపి ఉంచుతారు."

"బురద కూలకుండా బురదా?"

"బురదేనండీ. మందంగా, బరువుగా ఉండాలి. లోపలి నుంచి నాలుగు పక్కలకూ నొక్కి పట్టుకుంటుంది. దానికోసం నీళ్లకు ఉబ్బే మట్టిని ఎక్కడెక్కడినుంచో తెప్పిస్తారు." అంటూ అడుగు ముందుకు వేయబోయారు. కాలు వచ్చింది, బూటు రాలేదు. "ఇదేవిటండీ, బూటు వదలట్లేదు?"

"రేగడి సార్" అన్నాడు మాబన్న. "చుట్టం మాదిరి. పట్టుకుందంటే పోదు."

మూర్తిగారు ఒంటికాలి మీద నిలబడే కిందికి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఏ మట్టిని ఎక్కడెక్కడి నుంచో తెప్పిస్తారో, దాని చెల్లెలి మీద ఆయన నిలబడి ఉన్నారు.

బురద తొక్కుడు

బండి పక్కన గొయ్యి తవ్వి, అందులో రేగడి పోసి, కాలువ నుంచి పీపాలతో నీళ్లు తెచ్చి నానబెట్టాం. తొక్కాలి. గడ్డ మిగలకుండా తొక్కాలి. మేం బండివాళ్లం నలుగురం దిగితే గొయ్యి నవ్వింది. అప్పుడు సుగుణమ్మ బడి గంట కొట్టింది. పేటంతా వచ్చింది. చీర కుచ్చెళ్లు దోపుకుని ఆడవాళ్లు, పంచెలు ఎగ్గట్టుకుని మగవాళ్లు గోతిలోకి దిగారు. ఆమె గట్టు మీద నిలబడి గుడిపాట ఎత్తుకుంది. పాటకు అడుగు, అడుగుకు బురద. చరణం చివర అందరూ ఒకేసారి కాలు దించితే రేగడి అరటిచెట్టంత ఎత్తు లేచింది.

ఎంత మందం ఉండాలో మూర్తిగారికి తెలుసు, చెప్పడం రాలేదు. "మజ్జిగలా ఉండకూడదండీ" అన్నారు.

"అంబలి మాదిరా సార్?" అని ఒకామె.

"అంబలి పల్చనే, సంకటి మాదిరి ఉండల్ల" అని ఇంకొకామె.

"సంకటి అయితే గొట్టం దిగుతాదా? గెంటె నిలబడకుండా ఒరిగే పదును ఉండల్ల."

"మీ ఇంట్లో సంకటి అట్లనే ఉంటాది లే. మీ ఆయన తాగుతాండె గాని తినేది చూడ్ల్యా."

ఆ పోట్లాటలోంచే సరైన కొలత తేలింది. చెయ్యి ముంచి తీస్తే అరచేతి గీతలు కనపడకూడదు, బురద మాత్రం వేళ్ల చివర నుంచి తెగకుండా కారాలి. అది తర్వాత పదేళ్లు నా కొలతైంది. ఆ కొలత బాగుందో లేదో చూద్దామని మూర్తిగారు గట్టు మీద నుంచి వంగారు. వంగినవారు ఇక ఆగలేదు. ఆయన లేచి నిలబడేసరికి కళ్లజోడు ఎక్కడుందో, కళ్లెక్కడున్నాయో తెలియలేదు. పాట ఆగిపోయింది. ఆయన నోరు తుడుచుకుని, "పదును సరిపోయిందండీ" అన్నారు. పేటంతా గోతిలోనే కూలబడి నవ్వింది.

తర్వాత పని వేగంగా జరిగింది. పాత గొట్టాల్ని పైకి లాగాం. పెద్ద బిట్టుతో ఆ దొంగపలకను పగలగొట్టి, పచ్చటి బంకమట్టిలోకి దిగాం. గాలితో పనిచేసే మా పనిముట్లు బురదలో తొలవలేవు. అందుకని ముందు తొలిచేసి, రాడ్లు పైకెత్తేకొద్దీ వెనకాలే బిందెలతో బురద పోసుకుంటూ వచ్చాం. మాబన్న ఒక్క నిమిషం ఆపలేదు, ఎవర్నీ ఆగనివ్వలేదు. అంతకుముందు కింద మళ్లీ టంగుమన్నప్పుడు మాత్రం అందరూ నావైపు చూశారు. నేను చేయెత్తలేదు. "ఆరడుగులు" అన్నాను. ఆరడుగులూ నీలిదుమ్మే. "ఇంగొక ఆరు" అన్నాను. అదీ నీలిదుమ్మే. "ఇంగ చాలప్పా, భూమి అవతలి పక్కకి పోతాం" అన్నాడు మాబన్న.

ఐదుకు ఇంకో నాలుగు చేర్చి తొమ్మిది గొట్టాలు దింపాం. ఒక్కో అతుకు దగ్గర గుండుదారం కట్టి, గొట్టం నిటారుగా ఉందో లేదో చూశాం. వంకర గొట్టంలో పంపు రాడ్డు రాసుకుని రాసుకుని ఏడాదికే తెగుతుంది. వెల్డింగు చేసేవాడు తిట్టుకున్నా సరే, దారం కట్టండి. గొట్టం చుట్టూ సిమెంటు పోసి రెండు రోజులు ముట్టుకోలేదు.

ఆ రెండు రోజుల్లో మూర్తిగారు మా బండికి కొత్త నియమం పెట్టారు. కేసింగ్ కూడు ఇకమీదట పొద్దున్నే, పని మొదలయ్యే ముందు. "ఆకలి తీరినవాడికి రాయి తొందరగా తగలదండీ" అన్నారు. ఊళ్లు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత మా ప్రాంతంలో రాయి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, దానికి తోచినప్పుడు తగలడం మొదలుపెట్టింది. నేను కనిపెట్టిన శాస్త్రసత్యం అలా ముగిసిపోయింది.

గ్లాసు కింద అక్షరాలు

మూడో రోజు సన్న సుత్తిని దింపాం. సిమెంటు దాటి, రాయిలోకి పోయాం. నీలిదుమ్ము. ఇంకా దుమ్ము. ఒకచోట దుమ్ము తడిసింది. ఇంకో రెండు రాడ్లు పోయాక గొట్టం గరగరమని గొంతు సవరించుకుని, ఒక్కసారిగా నీళ్లను తాటిచెట్టంత పైకి ఎగజిమ్మింది. పేటవాళ్లు పరిగెత్తుకొచ్చి దాని కింద నిలబడ్డారు. ఒక ముసలాయన తలపాగా విప్పి, పిండి, మళ్లీ కట్టుకుని, మళ్లీ తడిపాడు. మాబన్న గ్రీజు చేతులతోనే మూర్తిగారిని కావలించుకున్నాడు.

నేను మాత్రం ఎగరలేదు. ఆ నీళ్లు ఎర్రగా, చిక్కటి టీలా ఉన్నాయి. కొత్త బోరులో మొదట అలాగే వస్తాయి. గాలి ఊదగా ఊదగా తేటపడాలి. పడలేదంటే గొట్టం కాలి దగ్గర ఎక్కడో సందుంది, మట్టి లోపలికి కారుతోంది, చేసిందంతా మళ్లీ పోయినట్టే. కేసింగ్ బాగా కుదిరిందో లేదో కంటితో చూడలేం, అది భూమి లోపల ఉంటుంది. పైకొచ్చే నీళ్లే దాని సాక్షి.

గంటసేపు ఊదాం. టీ రంగు పోయి మజ్జిగ రంగు వచ్చింది. ఇంకో గంటకు కడుగునీళ్ల రంగు. అక్కడే ఆగిపోయేట్టు కనపడింది. "ఊదుతానే ఉండు" అన్నాను మాబన్నతో. "ఊదక ఏం చేస్తాండా నేను?" అని ఆయన కసిరాడు.

సాయంత్రం ఎండ వాలుతుండగా సుగుణమ్మ గాజుగ్లాసుతో వచ్చింది. నీళ్లు పట్టింది. బడి అరుగు మీద ఒక కాగితం పరిచి, దాని మీద గ్లాసు పెట్టింది. నన్ను పిలిచింది.

"ఓబులేసూ, పైనుంచి చూడు. కింద అక్షరాలు కనపడితే నీళ్లు మంచివి. ల్యాకపోతే ల్యా. చదువు."

పేటంతా అరుగు చుట్టూ మూగింది. నేను వంగి, గ్లాసులోంచి చూశాను. కాగితం మీద ఆమె గుండ్రటి చేతిరాత. చదవడం మొదలుపెట్టాను.

"మహారాజశ్రీ అధికారి గారికి. మా పేటకు బోరు వేయడానికి వచ్చిన ఓబులేసు అనే మనిషికి రాయికీ, రుబ్బురోలుకీ తేడా తెలియదు..."

ఆగిపోయాను.

"గొట్టం దిగబడిన పొద్దే రాసినాను" అంది సుగుణమ్మ. "నువ్వు మర్నాడు ఆ సారు ముందర నోరిప్పకపోయుంటే ఇది పోస్టులో పోయేది. నువ్వు చెప్పినావు, ఇది మా ఇంట్లోనే ఉండిపాయ. చదువు, ఇంగా ఉండాది."

"టీచరమ్మా, ఇంత మందిలో..."

"బడిలో అందరూ బిర్రుగానే, ఇనపడేటట్ల చదవల్ల. గ్లాసు జరుపుకుంటా చదువు."

"బిర్రుగా చదువు ఓబులేసూ" అని వెనకనుంచి మాబన్న అరిచాడు. "సార్‌కి ఇనపడ్ల్యా."

గ్లాసును ఒక వరస కిందికి జరిపాను. "ఇతడు నాలుగుసార్లు కూర వేయించుకుని..." పేట గొల్లుమంది. ఇంకో వరస జరిపాను. మూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, నవ్వుతో ఆయన భుజాలు కదులుతున్నాయి. ఎక్కడైనా ఒక్క అక్షరం మసకబారితే అక్కడ ఆపేద్దామని నేను ఎంతో ఆశగా చూశాను. ఎక్కడా బారలేదు. గ్లాసు అడుగున ప్రతి గుణింతం, ప్రతి ఒత్తు, నా పేరు పక్కన ఆమె పెట్టిన చుక్కతో సహా తళతళలాడుతున్నాయి.

నీళ్లు అంత తేటగా వచ్చాయి. సంతకం దాకా చదవాల్సి వచ్చింది.